ఆపమంటే ఆపే చెయ్యి

మా కాలిన గాయాల వార్డులో రోగులు మా ఇద్దరికీ పేర్లు పెట్టారు. కట్లు కట్టే ఆమెకు నిదానమ్మ అని, నాకు యముడి చెల్లెలు అని. ఆమె కట్లు విప్పి, గాయం కడిగి, మందు రాసి, మళ్ళీ కట్టు కడుతుంది. నేను ఫిజియోథెరపీ మనిషిని. కాలిన చేతులూ కాళ్ళూ బిగుసుకుపోకుండా రోజూ వంచి సాగదీయడం నా పని. ఆమె తలుపు తోసుకుని లోపలికి వస్తే మంచాల మీద మొహాలు విచ్చుకునేవి. నేను వస్తే ఒక్కసారిగా అందరికీ నిద్ర ముంచుకొచ్చేది. పదేళ్ళు ఒకే వార్డులో పనిచేశాం. అందులో తొమ్మిదేళ్ళు నాకు ఆవిడంటే ఒళ్ళుమంట. దాచుకోవడం దేనికి, అది ఈర్ష్యే.

ఆవిడ చదువుకుని ఈ పనిలోకి వచ్చిన మనిషి కాదు. పంతొమ్మిదో ఏట ఆసుపత్రి లాండ్రీలో చేరింది. నెత్తురూ చీమూ ఎండి అట్టకట్టిన గుడ్డలు రోజూ గుట్టలుగా వచ్చేవట. పొడిగా లాగితే గుడ్డ చిరుగుతుందనీ, ఉప్పునీళ్ళలో నానేసి ఊరుకుంటే మరక దానంతటదే వదులుతుందనీ అక్కడే నేర్చుకుంది. ఒకరోజు ఉతికిన దుప్పట్ల మోపు మోసుకుని పై అంతస్తులోకి వచ్చేసరికి, కట్లు కట్టే అతను ఒక ముసలాయన వీపు మీద ఎండిన కట్టు పరపరా లాగేస్తున్నాడు. ఇద్దరు మనుషులు ముసలాయన భుజాలు అదిమి పట్టుకున్నారు. ఈవిడ మోపు కింద పడేసి, "గుడ్డనైతేనే నానబెట్టి గానీ లాగం కదయ్యా, మనిషిని నానబెట్టకుండా లాగుతారేం?" అంది. అతనికి తిక్కరేగి, "అంత తెలిసినదానివైతే నువ్వే విప్పు" అన్నాడు. ఆవిడ నిజంగానే విప్పింది. నలభై నిమిషాలు పట్టింది. సగంలో ముసలాయన కునికిపాట్లు పడ్డాడు. అదంతా తలుపు దగ్గర నిలబడి చూసిన హెడ్ నర్సు మరుసటి నెలలో ఆవిడను లాండ్రీ నుంచి కట్ల గదికి మార్పించింది. అప్పటి నుంచి ఇరవై ఆరేళ్ళు అదే గది, అదే స్టూలు.

ఆవిడ పద్ధతి ఆవిడది. చెయ్యి వేసేముందు ఏం చెయ్యబోతోందో చెబుతుంది. "ఏం కాదు, నొప్పి ఉండదు" అన్న మాట ఆవిడ నోట ఎవరూ వినలేదు. అన్నిటికంటే పెద్ద నియమం ఒకటుంది. రోగి "ఆపు" అంటే ఆవిడ చెయ్యి ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. కట్టు సగం ఊడి వేలాడుతున్నా సరే. "ఆ మాట మీ చేతిలో ఉంది. ఎన్నిసార్లయినా అనండి, నాకేం తొందర లేదు" అని మొదటిరోజే చెప్పేస్తుంది. విచిత్రమేమిటంటే, ఆపమంటే ఆగుతుందని తెలిసినవాళ్ళు ఆపమనడమే తక్కువ. మిగతావాళ్ళు పావుగంటలో ముగించే పనికి ఆవిడకు ముప్పావుగంట పట్టేది. డాక్టర్లు సణిగేవారు. సణిగినా, ఆవిడ విప్పిన గాయం మళ్ళీ నెత్తురు కక్కదు కాబట్టి నోరు మూసుకునేవారు.

ఆవిడ తర్వాత నా వంతు. "నిదానమ్మ ఆపమంటే ఆపుతుంది, మీరెందుకు ఆపరు?" అని రోజుకు ఒక్కరైనా అడిగేవారు. నేనాపితే నీ మోచెయ్యి జీవితాంతం ఆగిపోతుంది నాయనా అని చెప్పేదాన్ని. ఆ మాటకు ఎవరూ నన్ను నెత్తిన పెట్టుకోలేదు.

ఇక ఆవిడ తమ్ముడి సంగతి. వాళ్ళమ్మ పోయేనాటికి అతనికి నాలుగేళ్ళు, ఈవిడకు పద్నాలుగు. చంకనేసుకుని పెంచింది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "నాకో పిల్లాడున్నాడుగా, ఇంకెందుకు" అని నవ్వి తప్పించుకునేది. ఆ పిల్లాడు పెద్దవాడై, గడియారాల రిపేరు నేర్చుకుని, పెళ్ళి చేసుకుని, ఆసుపత్రికి రెండు వీధుల అవతల ఒక మేడమెట్ల కింద దుకాణం పెట్టాడు. ఇద్దరు మనుషులు నిలబడితే మూడోవాడు వీధిలో ఉండాల్సిందే, అంత దుకాణం. మా డాక్టర్ల చేతిగడియారాలన్నీ అతని దగ్గరికే వెళ్ళేవి. ఆవాలంత చక్రాలను సన్నటి పట్టకారుతో పట్టుకుని కూర్చోబెట్టేవాడు. ముప్పయ్యైదేళ్ళొచ్చినా అక్కకు మాత్రం చిన్నోడే.

ఒక సోమవారం పదకొండు గంటలప్పుడు ఆ చిన్నోడిని చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు. గిన్నెలో పెట్రోలు పోసుకుని గడియారం సామాను కడుగుతుంటే, పక్కనే వేడిగా ఉన్న అతుకులు పెట్టే సాధనం నుంచి అంటుకుందట. గిన్నె పక్కన జనం ఇచ్చిన గడియారాల పళ్ళెం ఉంది. అది కాలిపోతుందని మండుతున్న గిన్నెను కుడిచేత్తో అవతలికి తోశాడు. మణికట్టు నుంచి గోళ్ళ దాకా చేతి వెనకవైపంతా పొక్కులు. పళ్ళెంలో ఒక్క గడియారానికీ ఏమీ కాలేదు.

నిదానమ్మ అప్పుడు వేరే ఎవరికో కట్టు కడుతోంది. తమ్ముడి గొంతు విని తలెత్తింది. లేవలేదు. ఆ కట్టు పూర్తిచేసి, ముడి వేసి, చేతులు కడుక్కుని అప్పుడు వచ్చింది. చేతులు తుడుచుకున్న తువాలు కింద పెట్టడం మర్చిపోయి అలాగే పట్టుకొచ్చింది. అంతకుముందెప్పుడూ ఆవిడ అలా మర్చిపోగా చూడలేదు.

పెద్ద డాక్టరు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "మంటగా ఉందా? మంచిదే. నొప్పి తెలుస్తోందంటే లోపలి నరాలు బతికున్నట్టే. మూడు వారాల్లో చర్మం వచ్చేస్తుంది" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "చర్మం గురించి నాకు దిగులు లేదు. వేళ్ళు. రోజూ వంచాలి. ఈయన పనేమిటో తెలుసుగా" అన్నాడు.

తెలుసు. బొటనవేలి కొసా చూపుడువేలి కొసా కలిస్తే అతను గడియారాల మనిషి. కలవకపోతే ఆ మేడమెట్ల కింద ఊరికే కూర్చునే మనిషి. అంతే తేడా.

మర్నాడు పొద్దున నేను వంచబోయాను. నొప్పి మందు ఇచ్చి ముప్పావుగంట ఆగే వెళ్ళాను. ఆ మందు నొప్పి పదును తగ్గిస్తుందే గానీ నొప్పిని మాయం చెయ్యదు. చూపుడువేలు ఇలా పట్టుకున్నానో లేదో, కాలు విసిరి మందుల పళ్ళేన్ని తన్నాడు. సెలైన్ గిన్నె దొర్లుకుంటూ ఎదుటి మంచం కిందికి పోయింది. "ఈమెను నా దగ్గరికి రానివ్వకండి. ఏం చేసినా మా అక్కే చెయ్యాలి" అన్నాడు.

నిదానమ్మ గిన్నె తీసి పెట్టి, "నేను వంచుతాను మేడం. ఎలా వంచాలో ఒకసారి చూపించండి" అంది.

చూపించాను. ఒక్కో కీలును విడిగా ఎలా పట్టుకోవాలో, ఎంత దాకా నెట్టాలో, ఎంతసేపు ఉంచాలో చెప్పాను. నిజం చెప్పొద్దూ, నా నెత్తిన బరువు దిగినట్టయింది. మంచం తలాపున వేలాడే కాగితంలో వేళ్ళు వంచడానికి ఒక గడి ఉంటుంది. రోజూ ఆ గడిలో ఆవిడ టిక్కు పెట్టేది. రోజూ నేను ఆ టిక్కు చూసి పక్క మంచానికి వెళ్ళిపోయేదాన్ని. పదకొండు రోజులు ఆ చెయ్యి నేను చూడలేదు. ఇందులో నా తప్పెంతో తర్వాత చెబుతాను, ముందు ఆవిడది కానివ్వండి.

పన్నెండో రోజు, శనివారం, పెద్ద డాక్టరు రౌండుకొచ్చి కట్టు విప్పమన్నాడు. నిదానమ్మ విప్పింది. వేలు వేలుకూ విడివిడిగా చుట్టిన గాజుగుడ్డ, ఒక్క దారం కూడా గాయానికి అంటుకోలేదు. లేత గులాబీ రంగు చర్మం వస్తోంది. పక్క మంచం వాళ్ళు కూడా మెడలు చాచి చూసి, అబ్బ ఎంత బాగా మానిందో అన్నారు.

"పిడికిలి బిగించు" అన్నాడు డాక్టరు.

వేళ్ళు చెక్క దువ్వెన పళ్ళలా నిటారుగా ఉండిపోయాయి. మణికట్టు కదిలింది. భుజం కదిలింది. అతని మెడ నరాలు ఉబ్బాయి. చూపుడువేలు ఎవరో పిలిస్తే తలూపినంత మాత్రం ఊగి ఆగిపోయింది.

డాక్టరు కోణాలు కొలిచే పరికరం తీసి ఒక్కో కీలు మీదా పెట్టి చూశాడు. ఆయన తలాపున కాగితం తీసి పదకొండు టిక్కులూ చూసి, నన్ను చూశాడు.

"ఎవరు వంచుతున్నారు?"

"నేనేనండి" అంది నిదానమ్మ.

"వంచావా అమ్మా?"

"రోజూ మొదలుపెట్టాను. వాడు ఆపమన్నప్పుడు ఆపాను."

"ఎప్పుడు ఆపమనేవాడు?"

ఆవిడ తమ్ముడి వేళ్ళ వైపు చూసింది. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. పట్టుకోగానే అనేవాడని ఆ మొహమే చెబుతోంది.

డాక్టరు అరిచే మనిషి కాదు. అరిచినా బాగుండేది. "ఎల్లుండి కాదు, ఆ పై సోమవారం మళ్ళీ కొలుస్తాను. ఇంకా తొమ్మిది రోజులున్నాయి. అప్పటికి బొటనవేలూ చూపుడువేలూ కలవాలి. కలవలేదంటే ఆ తర్వాత కీళ్ళు నీ మాటా వినవు, నా కత్తి మాటా వినవు" అని కాగితం మళ్ళీ తగిలించి వెళ్ళిపోయాడు.

తమ్ముడు తన చేతిని ఎవరిదో వస్తువును చూసినట్టు చూసుకుంటున్నాడు. అతని భార్య గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆ పిల్ల మెతక మనిషి, ఆడపడుచు ఎదుట గొంతెత్తి ఎరగదు. ఆ రోజు మాత్రం, "వదినా, మీ చేతిలో పెట్టాం కదా అని నిశ్చింతగా ఉన్నాం" అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. నిదానమ్మ కట్టు కట్టి, ముడి వేసి, సామాను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

నేను వెనకాలే వెళ్ళాను. ఓదార్చడానికి కాదు, కడిగెయ్యడానికి. తొమ్మిదేళ్ళ కసి అంతా నాలుక కొసన ఉంది. ఆవిడ దూది పెట్టెల మధ్య బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది. "మీ మంచితనం చాలా ఖరీదైంది నిదానమ్మా. అందరి దగ్గరా పుణ్యం మూటకట్టుకున్నారు, తమ్ముడి దగ్గరికొచ్చేసరికి వాడి చెయ్యి మూటకట్టారు" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు సిగ్గెయ్యలేదు.

ఆవిడ తలెత్తి నన్ను చూసింది.

"కట్టు విప్పేటప్పుడు ఆగితే ఏం పోతుంది మేడం, కాసేపు టైమే కదా పోయేది. దీనికీ అంతే అనుకున్నాను. ఇందులో ఆగితే చెయ్యి పోతుందని తెలీదా అంటే, తెలుసు. మీరు చెప్పారు, విన్నాను. వాడు అక్కా అనగానే మర్చిపోయేదాన్ని. రేపు చూద్దాంలే అనుకునేదాన్ని. రోజూ రేపే." పక్కనున్న దూది పెట్టె మూత మూస్తూ, "వాడి నొప్పి తగ్గించాననుకున్నాను. దాచిపెట్టి పెంచాను" అంది.

నా కసి అక్కడితో చల్లబడింది. ఎందుకంటే ఆ పదకొండు రోజుల్లో ఏ ఒక్కరోజైనా నేను కట్టు పైనుంచైనా ఆ వేలును నొక్కి చూసుంటే తెలిసిపోయేది. అతను నన్ను తిట్టాడని నేను మొహం చాటేశాను. అది ఆవిడకు చెప్పాను.

"మీరే వంచండి మేడం" అంది.

"నన్ను పట్టుకోనివ్వడు. మీరు వంచాలి. నేను పక్కన నిలబడతాను."

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి నొప్పి మందు ఇచ్చాం. ముప్పావుగంట ఆగాం. ఆవిడ కట్టు విప్పి, చెయ్యి గోరువెచ్చని సెలైన్లో నానబెట్టి, తుడిచి, తన ఒళ్ళో తువాలు మీద పెట్టుకుంది. చూపుడువేలు పట్టుకుని, "ఇప్పుడు వంచుతాను చిన్నోడా. నొప్పి పుడుతుంది" అంది.

వేలు ఇంత కదిలింది. "అక్కా, ఆపు" అన్నాడు.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఆవిడ ఆపలేదు, అదే ఆగిపోయింది. ఇరవై ఆరేళ్ళ అలవాటు మరి. నేను పళ్ళు బిగించుకుని కిటికీ వైపు చూశాను. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ అతను అన్నాడు. మళ్ళీ ఆగింది. మూడోసారీ అంతే. మందు పనిచేసే సమయం కరిగిపోతోంది. అతని భార్య చీర చెంగు నోట్లో కుక్కుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"అసలు ఎంతసేపు ఓర్చుకోగలవురా?" అంది నిదానమ్మ.

"ఒక్క క్షణం కూడా నావల్ల కాదు."

"పది సెకన్లు?"

అతనికి చెమటలు కారుతున్నాయి. అయినా లోపలి గడియారాల మనిషి ఊరుకోలేదు. "పదంటే నీ పదా, గడియారం పదా?" అన్నాడు.

"గడియారం పదే. నువ్వే లెక్కపెట్టు, నీకంటే బాగా ఎవరికి తెలుసు? పది అనగానే వదిలేస్తాను. పదకొండు నీ నోట రానివ్వను. కానీ ఒరే, పది లోపల ఎన్నిసార్లు ఆపమన్నా ఆపను. కాళ్ళావేళ్ళా పడినా ఆపను. ఒప్పుకుంటేనే పట్టుకుంటాను."

అతను వేలు ముందుకు చాచాడు.

ఒకటి నుంచి నాలుగు దాకా మామూలుగానే లెక్కపెట్టాడు. ఐదు పంటి బిగువున వచ్చింది. ఆరుకు, "అక్కా ఆపు, ఆపవే" అన్నాడు. ఆవిడ ఆపలేదు. పెదవులు తెల్లబడ్డాయి. కళ్ళు తమ్ముడి మొహం మీద లేవు, వేలి మీదే ఉన్నాయి. "ఏడు అను" అంది. అతను తిట్టాడు. చిన్నప్పటి నుంచి ఆవిడ చెవిన పడని తిట్టు తిట్టాడు. "అది ఏడు కాదు. ఏడు అను" అంది. ఏడు అన్నాడు. ఎనిమిది, తొమ్మిది ఏడుపులో కలిసిపోయాయి. పది అన్న మాట పూర్తయ్యేలోగా వేలు వదిలేసింది.

అందరం ఊపిరి పీల్చుకున్నాం. అతను వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. "నిజంగానే వదిలేశావు" అన్నాడు.

"చెప్పానుగా. ఇప్పుడు రెండోది."

అలా ఒక్కో వేలుకు ఐదుసార్లు, పొద్దునా మధ్యాహ్నమూ. పని అయ్యాక ఆవిడ నడవా చివర పంపు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కునేది. చాలాసేపు కడుక్కునేది. నేను చూడనట్టు ఉండేదాన్ని. బుధవారానికి రెండు వేలికొసల మధ్య సందు రెండు వేళ్ళంత ఉంది. ఉన్నది ఇంకా నాలుగు రోజులు.

గురువారం మధ్యాహ్నం ఒక హోటలు వంటగదిలో మంటలంటుకుని ముగ్గురిని ఒకేసారి తీసుకొచ్చారు. నిదానమ్మను కట్ల గదికి పిలిచారు. వెళ్తూ వెళ్తూ, "ఈ పూటకు మేడం వంచుతారు, సరేనా?" అని తమ్ముడిని అడిగింది. అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"పదే కదా మేడం?"

"పదే" అన్నాను.

మొదటి రెండుసార్లూ పదికే వదిలాను. మూడోసారి చూపుడువేలి మధ్యకీలు నా వేళ్ళ కింద మెత్తబడుతున్నట్టు తెలిసింది. మా పనిలో ఉన్నవాళ్ళకు ఆ సంగతి చెప్పనక్కర్లేదు, బిగువు వదలబోయే ముందు కీలు చిన్నగా లొంగుతుంది. ఇంకొక్క క్షణం ఉంచితే చాలనిపించింది. అతను పది అన్నాడు. నేను వదల్లేదు. ఆ తర్వాత అతను పైకి లెక్కపెట్టలేదు, అరవలేదు. గుడ్లప్పగించి నన్నే చూశాడు. వేలు నిజంగానే వంగింది. సంతోషంగా వదిలాను.

"పద్నాలుగు" అన్నాడు.

గోడ మీద గడియారం అతని వెనకవైపు ఉంది. చూసే వీలే లేదు. చెయ్యి మెల్లగా దుప్పటి కిందికి లాక్కుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. శుక్రవారం పొద్దున అక్క వచ్చి అడిగినా చెయ్యి బయటికి తియ్యలేదు. మధ్యాహ్నమూ తియ్యలేదు. భార్య బతిమాలింది. డాక్టరు బెదిరించాడు. ఊహూఁ. తొమ్మిదిలో ఒక రోజు చేజేతులా నేలపాలు చేశాను.

సాయంత్రం నిదానమ్మ నన్ను నడవాలో ఆపింది. "మీరు వాడి దగ్గర నాలుగు సెకన్లు తీసుకున్నారు. వాడు మీ దగ్గర ఒక రోజు తీసుకున్నాడు. ఇద్దరికిద్దరూ సరిపోయారు. మధ్యలో చెయ్యి ఎవరిది మేడం?" అంది. ఆవిడ గొంతులో కోపం వినడం అదే మొదటిసారి. "వెళ్ళి తప్పయిందని చెప్పండి."

నేను ఏ రోగి దగ్గరా తప్పయిందని చెప్పిన మనిషిని కాను. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాను. మంచం పక్క స్టూలు మీద కూర్చుని చెప్పాను. అతను ఇటు తిరగలేదు.

"ఆ నాలుగులో మీకేం దొరికింది మేడం?"

"కొంచెం వంగింది. మంచి జరిగిందనే అనుకున్నాను."

"పది దాకా నొప్పి. అది నాకు తెలుసు, దానికో చివర ఉంది. పది దాటాక మీరెప్పుడు వదులుతారో నాకు తెలీదు. అది నొప్పి కాదు మేడం, భయం. నొప్పికి సిద్ధపడొచ్చు, భయానికి ఎలా సిద్ధపడను?"

పదిహేనేళ్ళు ఈ పని చేశాక, పెద్ద పెద్ద పుస్తకాలు చదివాక, ఈ సంగతి నాకు ఒక గడియారాలు బాగుచేసే ఆయన గోడవైపు తిరిగి చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు ఎవరి చెయ్యి పట్టుకున్నా ముందు ఎన్ని సెకన్లో ఒప్పందం చేసుకుంటాను. దాటను. అయినా నన్ను యముడి చెల్లెలనే అంటారు, అది వేరే సంగతి.

శనివారం పొద్దున చెయ్యి బయటికి తీశాడు, అక్క కోసం. ఒక రోజంతా కదలక వేళ్ళు మళ్ళీ మొరాయించాయి. బుధవారం వచ్చినంత కూడా రావడం లేదు. నిదానమ్మ నావైపు చూడకుండా పనిచేసింది. ఐదోసారి అయ్యాక అతనే, "ఇలా అయితే సోమవారానికి రాదు కదా?" అన్నాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. "పదిహేను పెట్టు. నేనే అంటున్నాను కాబట్టి పెట్టు. పదహారు మాత్రం వద్దు" అన్నాడు. ఆదివారం మధ్యాహ్నానికి ఇరవై అన్నాడు. అప్పుడూ ఆవిడ సరిగ్గా ఇరవైకే వదిలింది. ఆ సాయంత్రం వేలికొసల మధ్య అగ్గిపుల్ల పట్టేంత సందు మిగిలింది. ఆ సందు ఎంతకీ పూడలేదు. కట్టు కడుతూ ఆవిడ ముడి రెండుసార్లు తప్పుగా వేసి విప్పింది.

సోమవారం పదింటికి పెద్ద డాక్టరు వచ్చాడు. కొలిచే పరికరం జేబులోంచి తియ్యలేదు. చేతిలో ఉన్న మందుల చీటీ ఒకటి మడత పెట్టి, "ఈ కాగితం పట్టుకో" అన్నాడు.

బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి వచ్చాయి. కాగితం మధ్యలో ఉంది. డాక్టరు లాగగానే జారి వచ్చేసింది. అతని భార్య కళ్ళు మూసుకుంది. "ఇంకోసారి" అన్నాడు డాక్టరు. అతను మోచెయ్యి పొట్టకు ఆనించుకుని, దుకాణంలో బల్ల మీదికి వంగినట్టు ముందుకు వంగాడు. వేళ్ళు కలిశాయి. డాక్టరు లాగాడు. కాగితం రాలేదు. కాస్త గట్టిగా లాగితే ఒక మూల చిరిగి, ముక్క అతని వేళ్ళ మధ్యే ఉండిపోయింది.

"చివరి రెండు వేళ్ళూ పూర్తిగా రావు. ఆ పదకొండు రోజులకు అది లెక్క" అన్నాడు డాక్టరు. నిదానమ్మ తల దించుకుంది. "ఈ మూడూ వస్తాయి. పట్టు ఎంతుందో చూద్దాం, నా వేళ్ళు పట్టుకుని నొక్కు."

అతను డాక్టరు చేతికేసి చూశాడు, తర్వాత అక్క చేతికేసి చూశాడు. ఆవిడ రెండు వేళ్ళు చాచింది. పట్టుకున్నాడు. మొదట పసిపిల్లాడు పట్టుకున్నంత వదులుగా ఉంది. "అంతేనా?" అంది ఆవిడ. అతను ఊపిరి బిగబట్టాడు. మూడు వేళ్ళూ మెల్లగా ముడుచుకున్నాయి. మూడు వారాలుగా కత్తిరించని గోళ్ళు ఆవిడ చర్మంలో దిగడం నాకు కనిపించింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నొప్పి పుడుతోందా అక్కా?"

"పుడుతోంది."

"ఆపనా?"

"ఆపితే చంపేస్తాను. ఇంకా గట్టిగా నొక్కు" అంది.

డాక్టరు కాగితం మీద ఏదో రాసుకుని పక్క మంచానికి వెళ్ళాడు. మధ్యాహ్నం కట్ల గదిలో చూస్తే ఆవిడ వేళ్ళ మీద మూడు గోటి గాట్లు ఎర్రగా ఉన్నాయి. మందు రాస్తానన్నాను. వద్దని, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళింది.